మరకల్లేని వైపు

జూన్ 4

వదినకి,

కుశలప్రశ్నలు తరవాత. ముందు ఈ కాగితాన్ని ఒకసారి వెలుగుకి పెట్టి చూడు. కన్నాలు కనబడ్డాయా? పురుగు పని కాదు, నీ ఆడపడుచు పని. పిస్టల్‌తో కాల్చాను.

నవ్వేముందు సంగతి విను. ఎక్కడో వేరే మ్యూజియంలో దొంగలు పడి ఒక గదిని ఊడ్చుకుపోయారట. ఆ దెబ్బకి మా పైవాళ్ళు ఉలిక్కిపడి లేచి కొత్త రూలు పెట్టారు. ఇకమీదట గదులకి కాపలా ఉండేవాళ్ళంతా పిస్టల్ పరీక్ష ప్యాసవ్వాలి. తప్పినవాళ్ళు కింద సంచుల కౌంటరుకి పోవాలి. అంటే వచ్చేపోయేవాళ్ళ గొడుగులూ సంచులూ పుచ్చుకుని బిళ్ళలివ్వడం. గడియారాల గదిలో ఇన్నేళ్ళు కూర్చున్నదాన్ని, గొడుగులకి బిళ్ళలివ్వనా? సోమవారం సోమవారం ఒక్కోదానికీ నా చేత్తో కీ ఇచ్చుకునే గడియారాలు వదినా అవి. వాటిని వదిలి కిందకి దిగమంటే నావల్ల కాదు.

పరీక్ష ఆగస్టు చివర. పది గుళ్ళిస్తారు, ఏడు నల్లగుండ్రంలో పడాలి. నిన్న మొదటి క్లాసు. ఊరి చివర రేకుల షెడ్డు, ఒక చివర ఇసుకబస్తాలు, ఇంకో చివర మేము. చెవులకి డిప్పలు తగిలించారు. నేర్పే ఆయన నోట ఒకటే మాట, నెమ్మది. దాన్ని కూడా ఎనిమిదిళ్ళకి వినబడేలా అరుస్తాడు. మేం ఆయనకి నెమ్మది మాస్టారని పేరు పెట్టేశాం. పిస్టల్ చూడ్డానికి చిన్నదే కానీ చెయ్యి చాచి పట్టుకుంటే నిండుబిందె ఎత్తినంత బరువు. వెనక గాడిలోంచి ముందు మొన కనబడాలి, మొన కింద నల్లగుండ్రం ఉండాలి, ఊపిరి సగంలో ఆపాలి, అప్పుడు నొక్కాలి. ఇన్ని గుర్తుపెట్టుకునేలోపు అది పేలిపోయింది. ఎవరో నా గుండెలో తలుపు దబాలున వేసినట్టయింది. పదిలో ఒకటి పడింది లోపల. అదీ దారి తప్పి పడి ఉంటుంది. పక్కన కత్తుల గది ఆవిడ మొదటిరోజే ఆరు కొట్టి, ఏమీ ఎరగనట్టు జడ వెనక్కి విసురుకుంది.

కాల్చిన నల్లగుండ్రం అట్టలు ఆఫీసులో ఒప్పజెప్పాలట, ఇంటికివ్వరు. నేను ఊరుకుంటానా? అట్ట వెనక నా తెల్లకాగితం ఒకటి పిన్నులతో గుచ్చేశాను. గుండు రెండింట్లోంచీ పోయింది. అట్ట వాళ్ళకి, కాగితం నాకు. ఇంటికొచ్చి పిన్నుల గుర్తుల్ని బట్టి నల్లగుండ్రం ఎక్కడొస్తుందో పెన్నుతో గీశాను. కాగితం ఒకవైపు కాస్త మసి అంటింది కాబట్టి మరకల్లేని వైపు రాస్తున్నాను. కన్నాల దగ్గర చిరుగులు లేచి కలానికి అడ్డం పడుతుంటే ఇస్త్రీపెట్టెతో అణిచేశాను. ఎంత నున్నగా వచ్చిందో చూడు.

ఎక్కడ పడ్డాయో చూసి, ఎందుకు పడ్డాయో చెప్పగల మనిషివి మన ఇంట్లో నువ్వొక్కదానివే. మీ కళ్ళజోళ్ళ కొట్టు వెనకగది తలుపు గాలికి కొట్టుకోకుండా అన్నయ్య అడ్డం పెట్టుకున్న ఆ తుపాకీ పోటీల ఇత్తడి షీల్డు నీకు ఊరికే ఇవ్వలేదు కదా. పెళ్ళికి ముందు నువ్వు ఏం కాల్చావో ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నేర్పు.

నీ ఆడపడుచు


జూన్ 13

గంటలమ్మకి,

కొత్తకోడలిగా వచ్చినప్పుడు గంటకోసారి నన్ను దేనికో దానికి సాధిస్తున్నావని నీకీ పేరు పెట్టాను. నువ్వు పోయి గడియారాల గదిలో ఉద్యోగంలో చేరి నా మాట నిలబెట్టావు. ఆ గది నీ చేతిలోంచి పోతే ఇంత మంచి పేరూ వృథా అయిపోతుంది. పోనివ్వను.

నీ కాగితం వచ్చినప్పుడు కౌంటరు మీద ఎవరివో కళ్ళజోడు మరలు బిగిస్తున్నాను. మరలు అక్కడే వదిలేసి కూర్చున్నాను. కన్నాలున్న కాగితం చేతిలోకి తీసుకుని ఎన్నేళ్ళయిందో. దాన్ని వెనకగది గోడకి అంటించాను. మీ అన్నయ్య వచ్చి, ఇదేమిటి గోడకి తూట్లు పడ్డాయని కంగారుపడ్డాడు.

నీ జబ్బేమిటో చూడగానే తెలిసింది. నువ్వు ట్రిగ్గర్‌ని వేలితో నొక్కడం లేదు, చెయ్యంతా కలిపి పిండుతున్నావు, తడిబట్ట పిండినట్టు. పట్టు వదులు చెయ్యి. వేలు కూడా మరీ లోపలిదాకా పెట్టకు, కొస తగిలితే చాలు. ఇంకొకటి, ఇది బాగా గుర్తుపెట్టుకో. గుళ్ళు ఎటు పోతున్నాయో నువ్వు చూడకు. అట్ట విప్పేటప్పుడు కూడా ముఖం తిప్పుకో. ఎటు పోతున్నాయో తెలిస్తే నీ చెయ్యి నిన్నడక్కుండా రెండోవైపుకి జరుగుతుంది, అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. చూడ్డం నా పని. చెయ్యడం నీ పని.

కొట్టు సంగతులంటే, మన కళ్ళు పరీక్షించే గది చిన్నది కదా. అందుకని మీ అన్నయ్య అక్షరాల పట్టీని కుడిఎడమలు తిరగేసి రాయించి కుర్చీ వెనక తగిలించాడు. ఎదురుగా అద్దం పెట్టాడు. అద్దంలో చూస్తే అక్షరాలు సరిగ్గా కనబడతాయి, దూరమూ రెట్టింపవుతుంది. మొన్నొక పెద్దాయన అద్దం మానేసి మెడ వెనక్కి తిప్పి పట్టీనే చూసి, "నాకీ భాష రాదమ్మా" అన్నాడు. ఎంత చెప్పినా ఇటు తిరగడే. చివరికి పట్టుకుని తిప్పాల్సి వచ్చింది.

ప్రతి క్లాసు కాగితమూ పంపు.

నీ వదిన


జూన్ 29

వదినకి,

పట్టు వదులు చేశాను. వేలి కొసే పెట్టాను. అట్టకేసి చూడకుండా, పెళ్ళిచూపుల్లో పిల్లలా తల దించుకుని విప్పి ఇచ్చేశాను. ఆఫీసతను నావంక అదోలా చూశాడు. ఫలితం ఈ కాగితమే చెబుతుంది. ఒక్కటీ పడలేదు. కిందటిసారి దారి తప్పి వచ్చినది కూడా ఈసారి రాలేదు.

పైన ఖాళీ వదిలినచోట ఏదో రాయడం మరిచిపోయాననుకోకు. అక్కడ కన్నం ఉంది, దాటి రాశాను. నీకు ఉత్తరం రాయడం గుంతల రోడ్డు మీద నడిచినట్టుంది.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేదేమిటంటే, ఇదంతా దేనికోసమని. నా గదిలో ఎవరైనా దొంగ దూరాడే అనుకో. చుట్టూ గాజు అల్మరాలు, వాటి నిండా గడియారాలు. అక్కడ నేను పిస్టల్ పేలిస్తే దొంగ మిగులుతాడు, గడియారాలు పోతాయి. ఈ మాటే మా సూపరింటెండెంటుతో అన్నాను. "రూలు రూలేనమ్మా" అన్నాడు, ముక్కు చీదుకుంటూ. ఆయనకి పరీక్ష లేదు. ఆయన కాపలా కాసేది కుర్చీనే కదా.

ఉదయం గది తెరిచి వెళ్ళేసరికి అన్నీ కలిసి టిక్కుటిక్కుమంటుంటాయి. రెండు నిమిషాలు పోతే ఆ చప్పుడు వినబడ్డం మానేస్తుంది. ఏదైనా ఒకటి ఆగితే మాత్రం చటుక్కున తెలుస్తుంది. పెద్ద నిలువు గడియారానికి వానాకాలంలో కీ అర చుట్టు తక్కువ ఇవ్వాలి, లేకపోతే మొరాయిస్తుంది. ఇలాంటివి నేను ఎక్కడా రాసిపెట్టలేదు. రాయాలని ఎప్పుడూ అనిపించలేదు, నేనున్నానుగా అనుకున్నాను.

ఇప్పుడేం చెయ్యమంటావు? తొందరగా రాయి. నెమ్మది మాస్టారి నెమ్మది నాకెక్కడం లేదు.

నీ ఆడపడుచు


జులై 9

గంటలమ్మకి,

నువ్వు నా మాట వినడం లేదు. విన్నానంటావు, కాగితం వినలేదంటోంది. కాగితం అబద్ధమాడదు. కిందటిసారి ఉన్న జబ్బే ఇంకాస్త ముదిరింది. అంటే పట్టు ఇంకా వదలలేదన్నమాట. పిస్టల్ ఎక్కడికీ పారిపోదు, దాని గొంతు పట్టుకోనక్కర్లేదు. ఇంకా వదులు చెయ్యి. అరచెయ్యి తగిలీతగలనట్టుండాలి. వేలి కొస కూడా మరీ చివరికి జరుపు.

నీకు సైకిలు నేర్పినప్పుడూ ఇంతే. హ్యాండిలు వదులుగా పట్టుకోమంటే ఊఁ అంటూనే బిగదీసి పట్టుకుని, నన్నూ సైకిల్నీ కలిపి కాలవలో దింపావు. కొందరికి చెయ్యి మాట వినదు, అంతే. ఈ విద్య అందరికీ రావాలని కూడా లేదులే. అయినా ప్రయత్నించు.

ఈ మధ్య కొట్లో పని ఎక్కువగా ఉంది. ఇంతకన్నా రాయలేను.

నీ వదిన

చెల్లీ, అడుగున నాలుగు ముక్కలు నేను రాస్తున్నాను. మీ వదిన నీ కాగితాలు గోడకి అంటించుకుని, వాటిముందు ఉత్తచెయ్యి చాచుకుని గంటలు గంటలు నిలబడుతోంది. గిరాకీ వచ్చి పిలిచినా పలకదు. మొన్న ఒకావిడకి వాళ్ళాయన కళ్ళజోడు ఇచ్చి పంపించింది. ముఖం చూస్తే ఏదో పోగొట్టుకున్నదానిలా ఉంది. నీ సరదా ఏదో తొందరగా కానిచ్చెయ్యి తల్లీ. — అన్నయ్య


జులై 24

వదినకి,

సరదా అట. నా ఉద్యోగం అన్నయ్యకి సరదాలా కనబడుతోంది. కానీ ఆయన మీద కాదు నా కోపం.

నిన్న నువ్వు చెప్పినట్టే పట్టుకున్నాను, తగిలీతగలనట్టు. మూడో గుండుకి పిస్టల్ చేతిలోంచి జారి బల్ల మీద పడింది. నెమ్మది మాస్టారు పరిగెత్తుకొచ్చి పిస్టల్ తీసుకుని, అందరి ముందూ అడిగాడు. "ఎవరు నేర్పారమ్మా నీకు ఇలా పట్టుకోవడం? పువ్వనుకున్నావా?" నీ పేరు చెప్పలేదు. నాకే తోచిందని చెప్పాను. కత్తుల గది ఆవిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజుకి నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఈ వయసులో, క్లాసులో మాట్లాడిన పిల్లని కూర్చోబెట్టినట్టు. ఏడుపొచ్చింది. డిప్పలు తీయకుండా కూర్చున్నాను, ఎవరేమన్నా వినబడకూడదని.

ఈ కాగితంలో ఉన్నవి మూడే కన్నాలు. ఇస్త్రీ చేస్తుంటే ఒక మాట తట్టింది. మనసులో ఉంచుకోవడం నాకు చేతకాదు, అడిగేస్తున్నాను. నేను నేర్చుకోవడం నీకిష్టం లేదా వదినా? నువ్వు చెప్పిన ప్రతిసారీ నాది ఇంకా చెడిపోతోంది. షీల్డు గెలిచిన మనిషికి ఆమాత్రం తెలియకపోవడమేమిటి? నీ చేతిలోంచి పోయినది నా చేతికి వచ్చిందని కష్టంగా ఉందా? ఏదో పోగొట్టుకున్నదానిలా ఉన్నావని అన్నయ్యే రాశాడు. అందరికీ రావాలని లేదులే అని నువ్వే రాశావు.

కాదంటే కాదని రాయి. అవునంటే అదీ రాయి. ఏదో ఒకటి తేలిపోతుంది.

ఆడపడుచు


ఆగస్టు 2

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు నేర్పడానికి మాస్టారు గారున్నారు. ఆయన్నే అడగండి. నాకు తెలిసింది తప్పయితే తప్పే అనుకోండి, చెడు ఉద్దేశం మాత్రం లేదు. ఇకమీదట ఈ విషయం నాకు రాయనక్కర్లేదు.

మీ అన్నయ్య గారు, పిల్లలు క్షేమం.

ఇట్లు,
మీ వదిన


ఆగస్టు 14

వదినకి,

మీరూ గారూ పెట్టి రాసినంత మాత్రాన నేను ఊరుకుంటాననుకున్నావా? రాయొద్దన్నావు కాబట్టే రాస్తున్నాను.

నా గది తాళంచెవి తీసుకున్నారు. పరీక్ష ఇంకా కాలేదు కదా అంటే, క్లాసుల్లో నా మార్కులు చూసి ముందుజాగ్రత్త అన్నారు. తాళంచెవి ఎవరికిచ్చారో చెప్పక్కర్లేదనుకుంటాను. కత్తుల గదితోపాటు నా గది కూడా ఆవిడే చూసుకుంటుందట. నాలుగు రోజులుగా సంచుల కౌంటర్లో ఉన్నాను. ఇవాళ ఒకాయన తడిగొడుగు నా చేతికిచ్చి, "జాగ్రత్తమ్మా, ఖరీదైనది" అన్నాడు. బిళ్ళ ఇచ్చాను. ఇంకేం చెయ్యను?

పరీక్ష ఇరవైఐదున. ఇంక క్లాసు లేదు, ఇదే చివరి కాగితం. ఒక్కటి పడింది లోపల, అదీ ఒక చివర అంచున. మిగతావి ఎక్కడ పడ్డాయో కన్నాలు చూసుకో. నువ్వు పంపించిన విద్య నీకే పంపించేస్తున్నాను. ఇస్త్రీ చెయ్యలేదు. నీకోసం నున్నగా చేసే ఓపిక లేదు నాకు. గరుకుగానే చదువుకో.

మళ్ళీ చెబుతున్నాను. నువ్వు కావాలని చేశావని నేననలేదు, అడిగాను. అడిగినందుకు "ఆడపడుచు గారు" అయిపోయాను. మనం కాలవలో పడ్డప్పుడు కూడా నువ్వు నన్ను గారూ అనలేదు.

నేను


ఆగస్టు 20

గంటలమ్మా,

ఇది ఎక్స్‌ప్రెస్‌లో పంపుతున్నాను. పరీక్షలోపు అందితే చాలు. నన్ను తిట్టడం తరవాత పెట్టుకో, ముందు చదువు.

నీ ఉత్తరం విప్పుతుంటే వేలికి గరుకు తగిలింది. నువ్వు రాసిన వైపు, ప్రతి కన్నం చుట్టూ కాగితం నా ముఖం మీదకి లేచి ఉంది. గుండు వచ్చిన వైపు కన్నం నున్నగా ఉంటుంది, పోయిన వైపు చిరిగి లేస్తుంది. ఇది నాకు పదహారేళ్ళప్పుడే తెలుసు. అంటే నువ్వు రాసేది వెనకవైపు. నువ్వు గుండ్రం గీసేదీ వెనకవైపే, అటునుంచి చూస్తే ఎడమ కుడవుతుంది. ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేసి పంపావు కాబట్టి నా వేలికి తగల్లేదు. మరకల్లేని వైపు రాస్తున్నానని మొదటి ఉత్తరంలోనే చెప్పావు. చదివి, అబ్బో ఎంత శుభ్రమో అని నవ్వుకున్నాను కానీ కాగితం తిప్పి చూడలేదు.

గోడమీది కాగితాలన్నీ పీకి కళ్ళ పరీక్ష అద్దం ముందుకి పట్టుకెళ్ళాను. అద్దంలో చూశాను. నీ గుళ్ళన్నీ కిందకి ఎడమవైపుకి పోతున్నాయి. నేను కుడివైపు అనుకుని మందిచ్చాను. కుడికి పోయేవాళ్ళకి ఇచ్చే మందు ఎడమకి పోయేవాళ్ళకిస్తే ఇంకా ఎడమకి పోతారు. నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశావు, అందుకే చెడింది. ఎటు పోతున్నాయో చూడొద్దని నేనే నీ కళ్ళు కట్టేశాను. రోజూ తిరగేసి రాసిన అక్షరాల ముందు జనాన్ని కూర్చోబెట్టే మనిషిని నేను. ఆ పెద్దాయన పట్టీనే చూస్తున్నాడని నవ్వానే, రెండు నెలలుగా నేనూ అదే చేశాను. మీ అన్నయ్యకి చెబితే కుర్చీలోంచి లేవలేక నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నీ తాళంచెవి నా వల్ల పోయింది.

ఇప్పుడు విను. నేను చెప్పినవన్నీ మరిచిపో. పిస్టల్ గట్టిగా పట్టుకో, తలుపు గొళ్ళెం పట్టుకున్నంత గట్టిగా. పట్టు మొదట్నుంచీ చివరిదాకా ఒకేలా ఉండాలి. వేలి కొస కాదు, వేలిముద్ర వేసే మెత్తటి చోటు ట్రిగ్గర్ మీద ఉండాలి. తిన్నగా వెనక్కి నొక్కు. కిందకి ఎందుకు పోతున్నాయంటే, చప్పుడు వస్తుందని నీ చెయ్యికి ముందే తెలిసి తోసేస్తోంది. ఎప్పుడు పేలుతుందో నీకే తెలియనంత మెల్లగా నొక్కు. నెమ్మది మాస్టారు అరిచేది దీని గురించే, పాపం. ఇంట్లో ఉత్తచేత్తోనే గోడకెదురుగా నిలబడి నొక్కి చూసుకో.

కష్టంగా ఉందా అని అడిగావు. అవును, ఉంది. ఇన్నేళ్ళలో నాకు వచ్చినదాన్ని నేర్పమని అడిగినదానివి నువ్వొక్కదానివే. నీకు రాకపోతే నాకొచ్చిందన్నది కూడా అబద్ధమైపోతుందని గోడముందు నిలబడ్డాను. మీ అన్నయ్యకి అది పోగొట్టుకున్న ముఖంలా కనబడింది. పోగొట్టుకున్నది దొరికిన ముఖమని నీకు రాయలేకపోయాను, సిగ్గేసింది.

నీ వదిన


ఆగస్టు 26

వదినా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. నిన్న పరీక్ష. తప్పాను.

కాగితం ముందు తిప్పి చూడు. ఈసారి మరకలున్న వైపే రాశాను. చేతులకి మసి అంటితే కడుక్కో.

కింద ఎడమవైపు మూలకి ఉన్న మూడు చూశావా, అవి మొదటి మూడు. నీ ఉత్తరం బుర్రలో ఉంది, చేతిలో ఇంకా పాతదే ఉంది. మూడూ పోయాక పిస్టల్ బల్ల మీద పెట్టేశాను. మిగిలినవి ఏడు, పడాల్సినవీ ఏడే. మాస్టారు ఏదో అరిచాడు కానీ వినబడలేదు. మళ్ళీ తీసుకుని, గొళ్ళెం అనుకుని పట్టుకున్నాను. మెల్లగా నొక్కుతూ పోయాను. అది పేలినప్పుడు నేనే ఉలిక్కిపడ్డాను. లోపల పడింది. తరవాతదీ పడింది. ఆరు వరసగా పడ్డాయి వదినా, అన్నీ ఒకదాని పక్కన ఒకటి. కన్నాలు కలిసిపోయిన చోట నేను ఏమీ రాయలేకపోయాను.

చివరిదానికి, ఇది ఒక్కటి పడితే చాలనుకున్నాను. అలా అనుకోగానే చెయ్యి కిందకి పోయింది. ఎటు పోయిందో చూడకుండానే తెలిసింది.

ఆరు కొట్టినదాన్ని ఇంకొక్క గుండు ఇవ్వమని అడిగాను. రూలు రూలేనన్నారు. ఇంటికొచ్చి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. నీ మీద కోపమొచ్చింది, నా ఇస్త్రీపెట్టె మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. తప్పిన ఆ మూడు గుళ్ళూ నీవే అనుకున్నాను. మరి ఆ ఆరూ ఎవరివని తెల్లవారాక తట్టింది.

ఇవాళ కౌంటర్లో ఉండగా పన్నెండయింది. పైన నా గడియారాలు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకటి కొడుతుంటే ఇంకొకటి అందుకుంటోంది, అది ఆగాక మరొకటి. కలిసి కొట్టాల్సినవి సంతలో జనంలా ఎవరిమానాన వాళ్ళు అరుస్తున్నాయి. నిలువు గడియారం అసలు కొట్టనేలేదు. నా చేతిలో ఎవరిదో సంచి ఉంది. దానికి బిళ్ళ ఇవ్వడం మరిచిపోయి పైకప్పుకేసి చూస్తూ నిలబడ్డాను. కత్తుల గది ఆవిడే మెట్లు దిగి వచ్చింది. "మీ పెద్ద గడియారం ఆగిపోయిందండీ, దానికి ఏం చెయ్యాలో చెప్పరా?" అంది. నవ్వలేదు. అర చుట్టు సంగతి చెప్పాను.

డిసెంబరులో మళ్ళీ పరీక్ష ఉందట. నిన్న అందరూ వెళ్ళాక మాస్టారు చెవుల డిప్పలు తీసి నా దగ్గరికొచ్చాడు. మొదటిసారి ఆయన గొంతు తగ్గించి మాట్లాడ్డం విన్నాను. "మొదటి మూడూ పారేయమ్మా. తరవాతవి ఎవరు నేర్పారు?" అన్నాడు. రెండూ ఒక్క మనిషే అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేను విడమరచి చెప్పలేదు. మా వదిన అని మాత్రం చెప్పాను. "ఆవిడని తీసుకురా. శనివారాలు పక్కన నిలబడనిస్తాను" అన్నాడు.

కాబట్టి రా. ఇంక నేను కాగితాలు పంపను. నా పక్కన నిలబడి నీ కళ్ళతో చూడు. కళ్ళజోళ్ళు అన్నయ్య అమ్ముకుంటాడులే.

నీ ఆడపడుచు


సెప్టెంబరు 3

గంటలమ్మా,

శుక్రవారం బండికి బయలుదేరుతున్నాను. స్టేషనుకి రావక్కర్లేదు, నీ సంచుల కౌంటరు దగ్గరికే వస్తాను. నా సంచికి బిళ్ళ ఇచ్చి పుచ్చుకో.

సంచి బరువుగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. షెడ్డు గేటు దగ్గర ఎవరైనా ఆపి నువ్వెవరని అడిగితే చూపించడానికి షీల్డు తెస్తున్నాను. చింతపండు పెట్టి తోమాను. అడుగున నా పేరు ఇంకా ఉంది.

వెనకగది తలుపు పొద్దుట్నుంచీ టపటపా కొట్టుకుంటోంది. మీ అన్నయ్య రెండుసార్లు వచ్చి నావంక చూశాడు. ఇటుక వెతుక్కోమన్నాను.

నీ వదిన